తప్పడానికి వీల్లేని చదువు

ర్యాంకుల్లో ముందున్న అమ్మాయిలు ఆందోళనలోనూ ముందే ఉన్నారు. నెపం కోర్సు మీదో, ఆడపిల్ల స్వభావం మీదో వేసి ఊరుకుంటే అసలు కారణం మరుగున పడిపోతుంది.

ఏటా ఇంటర్ ఫలితాలు వెలువడిన మర్నాడు రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లోనూ దాదాపు ఒకే శీర్షిక కనబడుతుంది: బాలికలదే పైచేయి. ఆ జోరు ఇంటర్‌తో ఆగిపోవడం లేదు. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో దేశంలోని కళాశాలలు, విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది అమ్మాయిలు. డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా సైన్స్ చదువుతున్నవారిలో అబ్బాయిలు 27.4 లక్షల మంది ఉంటే అమ్మాయిలు 29.8 లక్షల మంది ఉన్నారు. రెండు తరాల కిందట ఎవరూ ఊహించని మార్పు ఇది. అయితే విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జరిగిన సర్వేలు తిరగేస్తే, ఆందోళన లక్షణాలు కూడా అమ్మాయిల్లోనే ఎక్కువని వాటిలో చాలావరకు తేల్చాయి. మార్కులు పెరిగినకొద్దీ గుండె నిబ్బరం కూడా పెరగాలి. అది ఎందుకు పెరగడం లేదు?

దీనికి మనకు అలవాటైన జవాబులు రెండున్నాయి. మెడిసిన్, ఇంజినీరింగ్ లాంటి కోర్సులు కష్టం కాబట్టి ఒత్తిడి తప్పదన్నది మొదటిది. ఆడపిల్లలు సున్నిత మనస్కులు, చిన్న విషయానికే కంగారుపడతారన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది కానీ, అసలు చిక్కు ఏ ఒక్కదానితోనూ విడిపోదు. ఈ కథనం వాదన ఒక్కటే: అమ్మాయిని కుంగదీస్తున్నది పాఠం బరువు కంటే ఎక్కువగా, ఆ పాఠం తప్పితే మళ్లీ నిలదొక్కుకోవడానికి చోటు లేకపోవడం. పొలం గట్టు మీద నడిచినా, తారురోడ్డు మీద నడిచినా వేసే అడుగులు అవే. గట్టు సన్నబడేకొద్దీ చూపంతా పాదాల మీదే ఉంటుంది. అబ్బాయి ఒక ఏడాది తప్పితే ఇంట్లో మాట్లాడుకునేది 'సప్లీ' గురించి. అమ్మాయి తప్పితే చాలా ఇళ్లలో సంబంధాల మాట మొదలవుతుంది. కోర్సును బట్టి ఆందోళన రూపం మారుతుందే తప్ప దాని వేరు మాత్రం ఎక్కువగా ఇక్కడే ఉంది.

కొలిచేది దేన్ని?

ముందుగా, సర్వేలు దేన్ని కొలుస్తున్నాయో చూడాలి. పరీక్షకు ముందు చేతులు చెమర్చడం, రాత్రి సరిగా నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు. ఆ మాత్రం బెదురు మనిషిని మేల్కొలుపుతుంది. వైద్యులు పట్టించుకునే ఆందోళన వేరు. పరీక్ష అయిపోయినా అది పోదు. ఒకదాని తర్వాత ఒకటిగా విషయాలు వెతుక్కుంటుంది, నిద్రను, ఆకలిని, చదువును దెబ్బతీస్తుంది. సర్వేల్లో ఎక్కువగా వాడే జీఏడీ-7 అనే ప్రశ్నావళిలో ఏడే ప్రశ్నలు ఉంటాయి. గడచిన రెండు వారాల్లో ఎన్నిసార్లు కంగారుగా అనిపించింది, దిగులును ఆపుకోలేకపోవడం జరిగిందా, కుదురుగా కూర్చోలేకపోయారా, ఏదో ఘోరం జరగబోతోందన్న భయం వేసిందా వంటివి అడుగుతారు. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు మార్కులు వేస్తారు. మొత్తం 21కి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరును కలవడం మంచిదంటారు. అంటే ఇది వడపోత మాత్రమే. జబ్బు ఉందని నిర్ధారించదు. సగం మంది విద్యార్థినులకు ఆందోళన అని ఎక్కడైనా చదివితే, సగం మంది రోగులని అర్థం కాదు. అయితే ఇంతమంది ఆ వడపోతలో పదికి చేరుతుంటే దాన్ని కొట్టిపారేయడానికీ లేదు.

కోర్సు కష్టమే కారణమైతే

వైద్య విద్యార్థుల్లో ఆందోళన ఎక్కువన్నది గట్టి ఆధారాలున్న విషయమే. ప్రపంచవ్యాప్తంగా 40 వేలకు పైగా వైద్య విద్యార్థులపై జరిగిన 69 అధ్యయనాలను కలిపి 2019లో విశ్లేషించినప్పుడు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఆందోళన లక్షణాలున్నట్లు తేలింది. మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక కూడా ఇలాంటి సంగతే చెప్పింది. సర్వేలో పాల్గొన్న 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉందని స్వయంగా చెప్పుకున్నారు. ఇవి చూసి కష్టమైన కోర్సు, కాబట్టి ఒత్తిడి అని తేల్చేస్తే రెండు విషయాలు తప్పిపోతాయి. మొదటిది, ఈ సర్వేలు చేసేది ఎక్కువగా వైద్య కళాశాలల అధ్యాపకులు. వాళ్ల ఎదుట ఉన్నది వాళ్ల విద్యార్థులే. దేశంలో డిగ్రీ చదువుతున్నవారిలో 34 శాతానికి పైగా ఆర్ట్స్ కోర్సుల్లో ఉన్నారు. పట్టణాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో బీఏ చదివే అమ్మాయిని ఆ ఏడు ప్రశ్నలు అడిగినవాళ్లు అరుదు. అడగలేదు కాబట్టి ఆమెకు దిగులు లేదనుకోవడం పొరపాటు. రెండో విషయం అమెరికా నుంచి వచ్చింది. అక్కడ 81 విద్యాసంస్థల్లో అరవై వేల మందికి పైగా విద్యార్థుల వివరాలను కోర్సులవారీగా పోల్చి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. మానసిక సమస్యలు ఎక్కువగా కనబడింది కళలు, మానవీయ శాస్త్రాలు చదివేవారిలో. సమస్య ఉన్నా సాయం కోసం వెళ్లేవాళ్లు తక్కువగా ఉన్నది బిజినెస్, ఇంజినీరింగ్ విద్యార్థుల్లో. లెక్కల బరువుకూ దిగులు బరువుకూ నేరుగా ముడి లేదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

మరి కోర్సుకూ ఆందోళనకూ సంబంధమే లేదా? ఉంది. ఆ సంబంధం సిలబస్‌లో కంటే కాలంలోనూ, చోటులోనూ, రేపటి మీద నమ్మకంలోనూ ఎక్కువగా ఉంది. మెడిసిన్‌నే తీసుకుందాం. ఇంటర్ అయ్యేసరికి అమ్మాయికి 17, 18 ఏళ్లు. నీట్ కోసం లాంగ్‌టర్మ్ అంటే ఒకటో రెండో ఏళ్లు. ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. పీజీ సీటు వెంటనే దొరికిందనుకున్నా మరో మూడేళ్లు. ఎక్కడా తప్పకపోయినా చదువు ముగిసేసరికి 27, 28 ఏళ్లు వస్తాయి. అబ్బాయి విషయంలో ఆ వయసు డాక్టరుగా స్థిరపడే వయసు. అమ్మాయి విషయంలో మాత్రం సంబంధాలు చూసేవాళ్లు వేలు మడిచి లెక్కపెట్టే వయసు. అనాటమీ ఇద్దరికీ ఒకటే, ఆ లెక్క ఒకరికే. దీనికి తోడు డ్యూటీలో భద్రత. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న పీజీ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత దేశమంతటా జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. రాత్రి డ్యూటీలో కాసేపు ఎక్కడ నడుం వాల్చాలి, ఆ గదికి గడియ ఉందా అన్నది చూసుకోవలసి రావడం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని అదనపు పేపరు.

ఇంజినీరింగ్‌లో దిగులుది వేరే రూపు. 2020-21 ఉన్నత విద్యా సర్వే నాటికి దేశంలోని ఇంజినీరింగ్ విద్యార్థుల్లో అమ్మాయిలు 29 శాతం. మన దగ్గర అమ్మాయిల చేరికలు ఎక్కువగా కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్ వైపే. సివిల్, మెకానికల్ తీసుకుంటానన్న అమ్మాయికి ముందుగా వినబడేది 'సైటు మీద నువ్వేం చేస్తావు?' అన్న ప్రశ్న. సీటు దొరికాక హాజరు లెక్కలు. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే రుసుము కట్టి కండొనేషన్ అడగాలి. 65 కన్నా తగ్గితే డిటెన్షన్. నెలసరి నొప్పితో మంచం దిగలేని రోజులు కూడా ఈ లెక్కలో గైర్హాజరే. నాలుగో ఏడాదికి వచ్చేసరికి బ్యాక్‌లాగులు లేకుండా ఉంటేనే ప్లేస్‌మెంట్లకు రానిచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. ప్లేస్‌మెంట్ రాని అబ్బాయి అమీర్‌పేటలో గది తీసుకుని ఏడాది కోర్సులు నేర్చుకుంటానంటే ఇల్లు సరేనంటుంది. అమ్మాయి అదే మాట అంటే ఎవరితో ఉంటావు, హాస్టలు మంచిదేనా, ఎన్నాళ్లు అన్న ప్రశ్నలు వరస కడతాయి. అందుకే క్యాంపస్ ఇంటర్వ్యూ ఆమెకు ఉద్యోగ పరీక్షగా మిగలదు. ఊరు దాటి బతకడానికి ఇంటి నుంచి దొరికే అనుమతికి అదే ఆఖరి గడువు.

నర్సింగ్ విద్యార్థినుల గురించి మనం మాట్లాడుకునేది మరీ తక్కువ. చదువుతో పాటు వార్డు డ్యూటీలు, పైవాళ్ల మాటలు, రోగి బంధువుల కోపం. ఇంత చేసినా వైద్య విద్యార్థికి దక్కే గౌరవం దక్కదు. ఇక బీఏ, బీకాం, బీఎస్సీ చదివే అమ్మాయిది మరో రకం దిగులు. పరీక్ష గట్టెక్కడం ఆమెకు పెద్ద పనేం కాదు. పరీక్ష అయ్యాక ఏమిటన్న దానికి మాత్రం జవాబు ఉండదు. బీఈడీ చేసి డీఎస్సీ కోసం చూడాలి, లేదంటే గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం. అవి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. 2023-24 శ్రామికశక్తి సర్వే ప్రకారం పదిహేనేళ్లు నిండిన మగవాళ్లలో 78.8 శాతం మంది పని చేస్తున్నారు లేదా పని వెతుక్కుంటున్నారు, ఆడవాళ్లలో 41.7 శాతమే. కళాశాలలో దాదాపు సమానంగా ఉన్నవాళ్లు పని దగ్గరకు వచ్చేసరికి మగవాళ్లలో దాదాపు సగం అయ్యారు. చదువుకూ కొలువుకూ నడుమ ఉన్న ఈ అగాధం విద్యార్థినికి గణాంకంగా తెలియకపోవచ్చు. పెళ్లయి ఇంట్లో ఉన్న అక్కను, డిగ్రీ పట్టా బీరువాలో పెట్టిన పిన్నిని చూస్తూ పెరిగినందువల్ల దాని లోతు మాత్రం ఆమెకు బాగానే తెలుసు.

స్వభావమా, పరిస్థితా?

ఈ వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం జీవశాస్త్రం నుంచి. కౌమారం దాటాక ఆందోళన సమస్యలు ఆడవాళ్లలో మగవాళ్ల కన్నా దాదాపు రెట్టింపని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. హార్మోన్లు, వంశపారంపర్యం పాత్రను కాదనలేం. మన రాష్ట్రాల్లో శరీరానికి సంబంధించిన మరో కారణాన్ని కూడా చేర్చాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. గుండె దడ, ఆయాసం, నీరసం, ఏకాగ్రత లేకపోవడం రక్తహీనతలోనూ ఉంటాయి, ఆందోళనలోనూ ఉంటాయి. కాబట్టి దిగులుగా ఉందన్న అమ్మాయికి రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించడం మంచి వైద్యం. కానీ జీవశాస్త్రం జవాబు ఇంతవరకే. హార్మోన్లు బీఏ విద్యార్థినికీ, బీటెక్ విద్యార్థినికీ ఒకటే. వాళ్ల దిగులు వేర్వేరు చోట్ల బయటపడడానికి కారణం శరీరంలో దొరకదు. థామస్ గోయెట్జ్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. లెక్కలంటే భయమా అని ప్రశ్నావళిలో అడిగితే అబ్బాయిల కన్నా అమ్మాయిలే ఎక్కువగా అవునన్నారు. లెక్కల క్లాసులో, పరీక్షలో ఉండగా అప్పటికప్పుడు ఎలా ఉందని అడిగితే ఇద్దరి మధ్యా తేడా లేదు. తమ సామర్థ్యం మీద అమ్మాయిలకున్న తక్కువ అంచనాయే ఆ తేడాకు కొంతవరకు కారణమని పరిశోధకులు చూపారు. ఆ అంచనా పుట్టుకతో వచ్చేది కాదు. వింటూ వింటూ నేర్చుకునేది.

రెండో అభ్యంతరం: అమ్మాయిలు మనసులోది బయటికి చెబుతారు, అబ్బాయిలు దాచుకుంటారు, సర్వేల్లో తేడా అంతే. ఇందులో నిజం లేకపోలేదు. అబ్బాయిల దిగులు కోపంగా, మద్యంగా, మౌనంగా బయటికి వచ్చి లెక్కల్లోకి రాకుండా పోతుంది. దేశంలో 2022లో 13 వేలకు పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. వారిలో అబ్బాయిల సంఖ్య చిన్నదేమీ కాదు. అబ్బాయిల బాధ ఎక్కువగా దాగి ఉందంటే వాళ్లకూ సాయం పెంచాలి. అమ్మాయిల బాధ అబద్ధమని దాని అర్థం కాదు. పైగా ప్రశ్నావళులతో కాకుండా ముఖాముఖి వైద్య పరీక్షతో చేసిన సర్వేల్లో కూడా ఈ తేడా నిలిచే ఉంది.

మూడోది ఇంటింటా వినబడేదే: మా రోజుల్లో ఈ ఆందోళనలు ఉన్నాయా, ఈ తరం పిల్లలు ఓర్వలేరు. ఆ రోజుల్లో పది చదివి పెళ్లి చేసుకున్న అమ్మాయి దిగులును ఎవరూ కొలవలేదు కాబట్టి పోల్చి చూడడానికి ఆధారమే లేదు. తల్లిదండ్రుల భయం కూడా ఉత్తదేం కాదు. అప్పు చేసి ఫీజు కట్టారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కళాశాల సర్టిఫికెట్లు ఆపుతుంది. బయట ఆడపిల్లకు భద్రత లేదని పత్రిక రోజూ చెబుతుంది. అలాంటి ఇంట్లో కట్టడి ప్రేమలాగే మొదలవుతుంది. చాలా బాలికల హాస్టళ్ల గేటు దగ్గర ఉండే ఔట్‌పాస్ పుస్తకం చూడండి: వెళ్లే చోటు, పని, తోడు ఎవరు, తిరిగి వచ్చే సమయం, ఇంటికి ఫోన్ చేసి వార్డెన్ రాసుకున్న సమ్మతి. అదే ప్రాంగణంలో అబ్బాయిల హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ తల ఊపితే సరిపోతుంది. లైబ్రరీ రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటుంది కానీ, అమ్మాయిల గేటు ఎనిమిదింటికే మూసేస్తే ఆ మూడు గంటల చదువు ఎవరిది? భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో విద్యార్థినులకు వివక్షతో కూడిన నియమాలు పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. 2022లో కోజికోడ్ వైద్య కళాశాల విద్యార్థినులు రాత్రి తొమ్మిదిన్నర నియమాన్ని కేరళ హైకోర్టులో ప్రశ్నించి, ప్రభుత్వం కొత్త ఉత్తర్వు ఇచ్చేలా చేసుకున్నారు. భద్రత కావలసిందే. వెలుతురున్న దారి, నడిచే బస్సు, పనిచేసే ఫిర్యాదుల కమిటీ భద్రతను ఇస్తాయి. తాళం మాత్రం బయటి ప్రమాదాన్ని అలాగే ఉంచి, అమ్మాయి చదువుకునే వేళను తగ్గిస్తుంది.

చోటు పెంచడం ఎలా?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి, వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. కార్పొరేట్ కళాశాలల్లో ర్యాంకు సెక్షన్ల సంగతి తెలిసిన తెలుగువాళ్లకు ఈ ఆదేశం విలువ వేరే చెప్పనక్కరలేదు. దీన్ని అక్షరాలా అమలు చేయించుకోవాలి. కానీ కౌన్సెలర్ ఒక్కరితో పని పూర్తికాదు. విద్యార్థిని చెప్పింది ప్రిన్సిపాల్‌కో, ఇంటికో చేరుతుందన్న అనుమానం ఉన్నంతకాలం ఆ గది ఖాళీగానే ఉంటుంది. అందుకే గోప్యత రాతపూర్వక నియమంగా ఉండాలి. ఇంకా ముఖ్యం, కౌన్సెలర్ శ్వాసను అదుపు చేసుకోవడం నేర్పగలరు, ఆలోచనల ముడి విప్పగలరు. తప్పితే పెళ్లే అన్న ఇంటి తీర్మానాన్ని మాత్రం మార్చలేరు.

కాబట్టి కౌన్సెలింగ్‌తో పాటు చోటూ కావాలి. విశ్వవిద్యాలయాలు సప్లిమెంటరీ పరీక్షలను నెలలు సాగదీయకుండా ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే పెడితే ఒక సబ్జెక్టు తప్పినందుకు ఏడాది పోదు. అనారోగ్యం వల్ల తగ్గిన హాజరును డబ్బుతో కాకుండా డాక్టరు కాగితంతో సరిచేయాలి. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య వ్యవహారం. దానికి హాల్‌టికెట్టునో సర్టిఫికెట్టునో తాకట్టు పెట్టుకోవడం ఆగాలి. ప్లేస్‌మెంట్ అన్న ఒక్క తలుపు దగ్గరే అందరినీ నిలబెట్టకుండా, చదువు అయిన ఏడాది దాకా క్యాంపస్ లైబ్రరీ, హాస్టల్ గదులు తక్కువ అద్దెకు అందుబాటులో ఉంచితే, బీఏ చదివి నోటిఫికేషన్ కోసం చూసే అమ్మాయికి ఊరు వెళ్లిపోవడం ఒక్కటే దారిగా మిగలదు. ఆర్ట్స్, నర్సింగ్, డిగ్రీ కళాశాలల విద్యార్థినులపై కూడా మెడిసిన్‌లో జరిగినన్ని సర్వేలు జరగాలి. ఎవరిని లెక్కపెట్టామో వారికే సాయం అందుతుంది.

చికిత్స మాట కూడా నేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర సిగ్గు చేసే నష్టం జబ్బు చేసేదాని కన్నా తక్కువేం కాదు. మానసిక సమస్యలున్నవారిలో, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని నిమ్‌హాన్స్ 2015-16 జాతీయ సర్వే చెప్పింది. ఆందోళన నయమయ్యే సమస్య. ఆలోచనా విధానాన్ని సరిదిద్దే చికిత్స కొన్ని నెలల్లో ఫలితం ఇస్తుంది. మందులు అవసరమైతే వాటిని డాక్టరు సలహాతో మొదలుపెట్టి, సలహాతోనే ఆపవచ్చు. పిచ్చిమందులన్న మాట అజ్ఞానం. ఫోన్‌లో మాట్లాడాలనుకునేవారికి 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనూ అందుతోంది. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ నంబరుకు చేయాలి, పక్కనున్న ఒక్కరికైనా చెప్పాలి.

అన్నిటికన్నా చవకైన మందు మాత్రం ఇంట్లోనే ఉంది. ఫీజు కట్టిన రోజునే, ఫలితాలు రాకముందే, తల్లిదండ్రులు కూతురికి చెప్పదగ్గ మాట ఒకటుంది: నువ్వు తప్పినా చదువు ఆగదు, ఇంకో ఏడాది చూద్దాం. కొడుకుకు ఈ మాట నోటితో చెప్పక్కరలేదు, అది అతనికి ముందే తెలుసు. కూతురికి చెప్పాలి, చెప్పినట్టే నిలబడాలి కూడా. ర్యాంకులు తేవడం మన అమ్మాయిలకు వచ్చని ఇన్నేళ్లలో వాళ్లు రుజువు చేశారు. తప్పే హక్కు కూడా వాళ్లకు ఉందని ఒప్పుకోవలసింది ఇక ఇల్లూ, కళాశాలా, ప్రభుత్వమూ.